తూకాలాఫీసులో దిష్టిచుక్క

ప్రసూన బొమ్మల పుస్తకంలో మేక బస్సెక్కి ఏడాదైంది. ఇంకా దిగలేదు.

దిగకపోవడం మేక తప్పు కాదు. అది టిక్కెట్టు లేకుండా ఎక్కిన మాట నిజమే. ఊరు రాగానే దింపమని కండక్టరుని అడిగింది. "టిక్కెట్టు లేని మేక నా లెక్కలో లేదు. లేని మేకని దింపడానికి బస్సెలా ఆపుతాను?" అన్నాడు కండక్టరు. అక్కడిదాకా బొమ్మలన్నీ చక్కగా కుదిరాయి. ఆ తర్వాత మేక ఏం చేసిందో ప్రసూనకి తట్టలేదు. తట్టాలంటే మనిషి కాసేపు కుదురుగా కూర్చోవాలి. మూడేళ్ళ ఆమని ఉన్న ఇంట్లో కుదురుగా ఉండేది గోడ మీద క్యాలెండరు ఒక్కటే, అదీ ఆమనికి అందదు కాబట్టి.

"మేక దిగిందా అమ్మా?" అని రోజూ అడిగేది ఆమని.

"లేదు తల్లీ."

"పాపం, దానికి ఉచ్చ రాదా?"

రాజమండ్రిలో ఒక పబ్లిషరుగారు బొమ్మలు చూసి ముచ్చటపడి, "మేకని దింపి పంపండమ్మా, వేసవి సెలవులకి పుస్తకం తెచ్చేద్దాం" అన్నారు. చిన్నప్పుడు లెక్కల పుస్తకం నిండా బొమ్మలు వేసి తన్నులు తిన్న దగ్గర్నుంచీ ప్రసూన ఎదురుచూసిన మాట అది. భర్త శ్రీహరి పోర్టులో క్రేను నడుపుతాడు. ఏ పూట డ్యూటీ పడుతుందో ఆ పూటకి గానీ తెలియదు. ఇంట్లో ఉన్నంతసేపూ పిల్లని ఎత్తుకుంటాడు, ఎత్తుకున్నంతసేపూ నిద్రపోతాడు. ఆ నిద్రపోయే మనిషి మీంచి పిల్ల దూకకుండా మళ్ళీ ప్రసూనే చూడాలి.

అలాంటి రోజుల్లో ప్రభుత్వానికి తల్లుల మీద దయ పుట్టింది.

తూనికలు కొలతల ఆఫీసు ఖాళీ చేసిన పాత భవనంలో మాతృకళా సమతుల్య మండలి వెలిసింది. బోర్డు మీద పాత అక్షరాలు పూర్తిగా చెరగలేదు, మూల గదిలో తుప్పుపట్టిన త్రాసు ఒకటి అలాగే ఉండిపోయింది. దాంతో ఊళ్ళో అందరూ దాన్ని తూకాలాఫీసు అనే పిలిచేవారు. ముందు హాల్లో కళ ఉన్న తల్లులు కూర్చుని పని చేసుకోవచ్చు. వెనక గదిలో పిల్లల్ని ఆయా మరిడమ్మ చూసుకుంటుంది. మధ్యలో గోడ. ఆ గోడని చూసిన మొదటిరోజు ప్రసూనకి దణ్ణం పెట్టాలనిపించింది. నాలుగిటుకలు అడ్డం ఉంటే చాలు, మనిషికి ఇన్ని ఆలోచనలు వస్తాయని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. బస్సు కిటికీల్లో ప్రయాణికుల మొహాలన్నీ ఆ కొద్దిరోజుల్లోనే వేసింది.

పక్క బల్ల మీద కనకరత్నం కేకులు అలంకరించేది. క్రీముతో పందెంకోడిని చేసి నిలబెట్టగల మనిషి. ఆవిడ కేకుల వీడియోలు ఊరూరా చూస్తారు. ఆవిడ కొడుకు లోహిత్ ఆమని ఈడువాడే, కనబడిందల్లా కొరుకుతాడు. కనకరత్నం మనసు మంచిది, నోరు పెద్దది, మాట్లాడుతూ మధ్యలో వేలితో క్రీము తీసి ఎదుటివాళ్ళ నోట్లో పెడుతుంది.

అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా ప్రత్యేకాధికారి పానకాలరావుగారు వచ్చారు. అంతకు ముందు ఆయన చేపల పెంపకం శాఖలో ఉండేవారు. చెరువులో చేప నెలనెలా ఎంత ఎదిగిందో కొలిచీ కొలిచీ, ఎదుగుదల లేనిదేదీ ఆయన కంటికి ఆనడం మానేసింది. గుండ్రటి బుగ్గలు, నవ్వితే సొట్ట. ఆయనకి ఉన్న ఒకే ఒక్క భయం దిష్టి. వచ్చిన రోజే గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించారు, కుర్చీ వెనక నాలుక చాపిన రాక్షసుడి బొమ్మ తగిలించారు, కాలికి నల్లతాడు సరేసరి. ఎవరైనా "బాగున్నారు సార్" అంటే చాలు, ఆ పూట అన్నం సహించేది కాదు.

తల్లులందరినీ కూర్చోబెట్టి ఉపన్యసించారు.

"అమ్మలారా! మండలి పరమ ధ్యేయం త్రివిధ సమతుల్యత. మాతృత్వం, కళ, అనుచరగణం, అనగా ఫోనులో మిమ్మల్ని అనుసరించు జనం. వీటిలో ఏ ఒక్కటి లోపించినా తక్కిన రెండూ ఉన్నట్టుగా పరిగణింపబడవు. కావున ఇకమీదట ప్రతి సభ్యురాలూ ప్రతిదినమూ ఒక వీడియో సమర్పించవలెను. అందు బిడ్డ, కళ, చిరునవ్వు ఏక ఫ్రేమునందు కనబడవలెను."

ప్రసూన లేచింది. "బిడ్డా కళా ఒకే చోట కుదరకే కదండీ ఇక్కడికొచ్చాం?"

"అదే సమస్య. ఆ సమస్యను అధిగమించినట్టు వీడియోలో కనబడాలి."

"అనుచరులు ఎందుకండీ?"

"మీరు తల్లి అని ఎలా తెలుస్తుందమ్మా?"

"ఇదిగో, పిల్ల ఉందిగా."

పానకాలరావుగారు జాలిగా చూశారు. "పిల్ల ఉన్నట్టు మీకు తెలుసు, నాకు తెలుసు. లోకానికి తెలియొద్దూ? ఎవరూ చూడని మాతృత్వం ఇంకా పరిశీలనలో ఉన్నట్టే, ఖరారు కానట్టే లెక్క."

మర్నాడు మేస్త్రీలు వచ్చి మధ్యగోడ కొట్టేశారు. ఫ్రేముకి అడ్డమట. ఇటుకలు పడుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు, ప్రసూన మాత్రం చుట్టం పోయినట్టు నిలబడి చూసింది. గోడ ఉన్నచోట గుండ్రటి లైట్లు నిలబెట్టారు. మరుగుదొడ్డిలో లైట్ల అట్టపెట్టెలు, వైర్లు నింపి తాళం వేశారు. మరిడమ్మని దృశ్య సహాయకురాలిగా మార్చి చేతికి ఫోనిచ్చారు. ఫ్రేములో కళ నిండుగా కనబడాలని ప్రసూన వేసిన బొమ్మలన్నీ లైట్ల వెనక గోడకి మేకులు దిగ్గొట్టి వేలాడదీశారు.

"అవి పుస్తకానివండీ. రాజమండ్రి పంపాలి" అంది ప్రసూన.

"మండలి నేపథ్య సంపదగా నమోదయ్యాయమ్మా. మీ అనుచరుల ఎదుగుదల లక్ష్యం పూర్తయ్యాక విడుదల చేస్తాం."

అలా మేక బస్సులోంచి దిగకపోగా గోడెక్కి కూర్చుంది.

ఇక వీడియోలు మొదలయ్యాయి. లైట్లు వెలగ్గానే పిల్లలంతా కట్టగట్టుకుని ఏడ్చేవారు. ఒక్క ఆమని మాత్రం మరిడమ్మ "నవ్వే నా బంగారం" అనడం ఆలస్యం, సొట్టపడేలా నవ్వేది. ఆ సొట్ట చూసి తన కన్నే తగులుతుందని హడలిపోయి మరిడమ్మ రోజూ ఆమని ఎడమ బుగ్గ మీద కాటుకతో రూపాయి బిళ్ళంత చుక్క పెట్టేది. మిగతా పిల్లలకి అరికాల్లో పెట్టి సరిపెట్టేది.

ప్రసూన వీడియోలు మాత్రం ఎవరూ చూడలేదు. బొమ్మ వేయడంలో పడి ఫోనుకి వీపు పెట్టి కూర్చునేదాయె. ఆమె అనుచరుల్లో సగం మంది శ్రీహరి తోటి క్రేనువాళ్ళు. వాళ్ళు కూడా "వదినగారూ, మేక బాగుందండి" అని రాసి ఊరుకునేవారు.

ఒక పక్క నవ్వే పిల్లకి ఎదుగుదల లేని తల్లి, ఇంకో పక్క ఎదిగే తల్లికి కొరికే కొడుకు. చేపల శాఖలో పనిచేసిన మనిషి ఈ వృథాని చూస్తూ ఎలా ఊరుకుంటారు? బిడ్డ వనరుల హేతుబద్ధీకరణ అని ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం ఆమనిని కనకరత్నం వీడియోలకి కేటాయించారు. ప్రసూనకి లోహిత్‌ని ఇచ్చారు. వాడు మొదటిరోజే ఆకుపచ్చ క్రేయాను తిని, కొత్తగా వేసిన కాగితంలో కండక్టరు టోపీ దాకా నమిలేశాడు.

"నీ పిల్ల నా కేకుని ఎంత బుద్ధిగా చూస్తుందనుకున్నావ్! మావాడు ఏం చేస్తున్నాడు?" అంది కనకరత్నం అవతల బల్ల నుంచి.

"కండక్టర్ని తింటున్నాడక్కా."

"తిననీలే, పొద్దున్న ఇడ్లీ ముట్టలేదు."

ఇంతవరకూ ప్రసూన పళ్ళబిగువున భరించింది. అప్పుడు గేటు దగ్గరికి యంత్రం వచ్చింది. పరాయివాళ్ళు పిల్లల్ని ఎత్తుకుపోకుండా కాపాడే కెమెరా అది. ఏ బిడ్డ ఏ తల్లిదో వీడియోలన్నీ చూసి అదే నేర్చుకుంటుందట. బిగించిన కుర్రాళ్ళు తల గోక్కున్నారు. "పసిపిల్లల మొహాలన్నీ ఒకేలా ఉన్నాయి సార్. పట్టుకోడానికి ఏదో ఒక గుర్తుండాలి" అన్నారు. లోహిత్ నుదుటి మీద గాటు దొరికింది. ఇంకో పిల్లకి పుట్టుమచ్చ దొరికింది. ఆమని ఎదురుగా వచ్చేసరికి ఎడమ బుగ్గ మీద నల్లచుక్కని చూసి యంత్రం ఠింగుమని సంబరపడింది.

ఆ మధ్యాహ్నం ప్రసూన పిల్లని చంకనేసుకుని గేటు దగ్గరికి వచ్చింది. వాచ్‌మన్ సింహాద్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండమ్మా. ఈ పాప మీది కాదంటందండి."

"ఎవరన్నారు?"

సింహాద్రి తెర చూపించాడు. 'ఆమని. వయసు మూడేళ్ళు. తల్లి: కనకరత్నం. తల్లితో మాత్రమే పంపవలెను.'

"సింహాద్రీ, రోజూ చూస్తున్నావు కదయ్యా నన్ను!"

"ఆయ్, నాకు తెలుసండి. కానీ నన్ను పెట్టింది తెరలో ఏటుందో చూడ్డానికండి, మనుషుల్ని చూడ్డానికి కాదండి."

ప్రసూనకి ఒళ్ళు మండింది. పిల్లతో సహా పానకాలరావుగారి గదిలోకి దూసుకుపోయింది. ఆయన తొణకలేదు, బెణకలేదు.

"మీరు కన్నారమ్మా, ఎవరు కాదన్నారు? కన్నది ఒక్కసారి. ఆవిడ రోజూ ఎత్తుకుంటోంది, వేలమంది సాక్షులు. మీ వైపు సాక్ష్యం ఏముంది?"

"నా పొట్ట మీద కుట్లున్నాయి, చూస్తారా?"

ఆయన గబుక్కున రాక్షసుడి బొమ్మ వైపు తిరిగారు. "అటువంటివి మండలి పరిధిలోకి రావు. మీ ఎదుగుదల ఆవిణ్ణి దాటిననాడు బిడ్డ దానంతటదే మీ పేరు మీదికి బదిలీ అవుతుంది. అందాకా మీ పేర లోహిత్ ఉన్నాడు. తీసుకెళ్ళండి, మంచి పిల్లాడు."

ఆడవాళ్ళిద్దరూ ఉపాయం ఆలోచించారు. కనకరత్నం ఆమనిని, ప్రసూన లోహిత్‌ని ఎత్తుకుని యంత్రానికి మొహాలు చూపించి బయటికొచ్చేవారు. వీధి చివర సోడాకొట్టు దగ్గర పిల్లల్ని మార్చుకునేవారు. సోడాకొట్టతను మొదట నోరెళ్ళబెట్టినా తర్వాత అలవాటుపడి, మార్చుకునేదాకా సంచులు పట్టుకునేవాడు.

మానేద్దామంటే మేక గోడ మీద ఉంది. పబ్లిషరుగారు రెండుసార్లు ఫోను చేశారు. "ఆలస్యమైతే వచ్చే వేసవికే అమ్మా" అన్నారు. ఆ ఫోను పెట్టేశాక ప్రసూన వంటింట్లో నిలబడి ఏడ్చింది. ఏడుస్తుంటే ఆమని వచ్చి ఎదురుగా నిలబడి, సొట్టపడేలా నవ్వి, అటూ ఇటూ చూసి, "ఫోనేదమ్మా?" అంది.

ప్రసూన ఏడుపు ఆగిపోయింది. నేను ఏడుస్తుంటే పిల్ల నవ్వింది నా కోసం కాదు, అనుకుంది. మర్నాడే పానకాలరావుగారి దగ్గరికి వెళ్ళి, పుస్తకం ఏమైనా సరే, తన బొమ్మలు తనకిచ్చేస్తే సీటు వదులుకుంటానంది.

"శుక్రవారం మహా ప్రత్యక్ష ప్రసారం ఉందమ్మా. రాష్ట్రం రాష్ట్రమంతా చూస్తుంది. ఆ ఒక్కరోజూ ఆమనిని తీసుకురండి. అయిపోగానే మీ మేకని మీకు అప్పగిస్తాం" అన్నారాయన. ప్రసూన ఒప్పుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం తూకాలాఫీసు పెళ్ళివారిల్లులా ఉంది. పానకాలరావుగారు పట్టుపంచె కట్టారు. కానీ మాటిమాటికీ గుమ్మడికాయ వంకే చూసుకుంటున్నారు. ఇన్నాళ్ళూ జనం కళ్ళు తల్లుల మీద పడ్డాయి, ఇవాళ తన మీద పడబోతున్నాయి. లక్షమంది చూడొచ్చని లైట్ల కుర్రాళ్ళు చెప్పేసరికి ఆయనకి ముచ్చెమటలు పట్టాయి.

"మరిడమ్మా, ఓ చుక్క పెట్టవే."

"అరికాల్లో పెట్టనా బాబూ?"

"లక్షమందికీ అరికాలు సరిపోద్దా? కనబడేలా పెట్టు."

మరిడమ్మకి చెయ్యి తిరిగిన చోటు ఒకటే. ఎడమ బుగ్గ మీద రూపాయి బిళ్ళంత చుక్క పెట్టింది. సొట్ట పక్కన అందంగా అమరింది.

ప్రసారం మొదలైంది. కనకరత్నం మూడంతస్తుల కేకు ముందు ఆమనిని ఎత్తుకుని నిలబడింది. పానకాలరావుగారు సమతుల్యత గురించి చెబుతూ చెబుతూ, చేపపిల్లలంటే తనకి మాతృప్రేమ అని కంటతడి పెట్టారు. అది అవుతుండగానే కనకరత్నానికి అమలాపురం నుంచి కబురొచ్చింది. పొద్దున్న పంపిన పెళ్ళి కేకు ఒక పక్కకి ఒరిగిపోయిందట, పెళ్ళికూతురు శోకాలు పెడుతోందట. కనకరత్నం ఆమనిని బల్ల మీద కూర్చోబెట్టి, క్రీము డబ్బా పట్టుకుని, "ప్రసూనా, చూసుకోవే" అని అరుస్తూ పరిగెత్తింది. లోహిత్‌కి ఆ రోజు జ్వరం, ఇంట్లో అమ్మమ్మ దగ్గరున్నాడు.

ప్రసారం అయ్యాక ప్రసూన గోడ మీది మేకులు పీకి, బొమ్మలన్నీ చుట్టి చంకలో పెట్టుకుంది. ఆమని వచ్చి చున్నీ లాగింది.

"అమ్మా, ఉచ్చొస్తోంది."

మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి లైట్ల కుర్రాళ్ళ దగ్గర, వాళ్ళు టీకి పోయారు. ప్రసూన పిల్లని ఎత్తుకుని గేటుకి పరిగెత్తింది. ఠింగ్. 'ఆమని. వయసు మూడేళ్ళు. తల్లి: కనకరత్నం.'

"ఆవిడ అమలాపురం వెళ్ళింది సింహాద్రీ! పిల్ల ఆగలేదు, దారి వదులు!"

"అమ్మా, ఉద్యోగం పోద్దండి. ఆవిడొచ్చేదాకా లోపల కూకోండి."

"అమలాపురం ఇక్కడుందా? వచ్చేసరికి చీకటి పడుతుంది!"

"అమ్మా, వచ్చేస్తోంది" అని ఆమని గట్టిగా ఏడుపందుకుంది. లైట్లు లేవు, ఫోను లేదు, అయినా ఏడ్చింది. క్రీమూ కాటుకా కన్నీళ్ళూ ముక్కూ కలిసి మొహమంతా కారాయి. అలాంటప్పుడు ఏ తల్లయినా ఏం చేస్తుందో ప్రసూన అదే చేసింది. చున్నీ చెంగుతో పిల్ల మొహం బరబరా తుడిచేసింది.

తెర ఒక్కసారి మిటకరించింది. పేరు పోయింది, వయసు పోయింది, తల్లి పోయింది. 'బిడ్డ లేదు' అని చూపించింది.

సింహాద్రి తెర వంక చూశాడు. చంకలో కాళ్ళు కొట్టుకుంటున్న పిల్ల వంక చూశాడు. మళ్ళీ తెర చూశాడు.

"లేదంటందండి" అన్నాడు. "లేని పిల్లని ఆపమని నాకు ఆర్డర్లు లేవండి." గేటు బార్లా తీశాడు.

ప్రసూన అడుగు వేయబోయి ఆగింది. ఈ మాట ఎక్కడ విన్నాను? అనుకుంది. ఎక్కడా వినలేదు, కండక్టరు మాటగా తనే రాసింది. మరుక్షణం లేని పిల్లని ఎత్తుకుని వీధిలోకి దూకి, సోడాకొట్టు పక్క కాలువ గట్టున కూర్చోబెట్టింది. ఆమని మొహంలోకి ప్రపంచంలోని శాంతి అంతా వచ్చి చేరింది.

అదే సమయానికి పానకాలరావుగారు విజయగర్వంతో గేటు దగ్గరికి వచ్చారు. ఠింగుమంది. సింహాద్రి తెర చదివి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరెల్లకూడదండి."

"నేనెవర్ననుకుంటున్నావురా?"

"తెరలో రాసుందండి. ఆమని పాపండి. మూడేళ్ళండి. అమ్మగారొస్తే పంపేత్తానండి."

ఆయన కేకలు వేశారు, చిందులు తొక్కారు. సింహాద్రి చలించలేదు. చివరికి మరిడమ్మ నెమ్మదిగా, "ఆ చుక్క చెరిపేత్తే సరిపోద్దేమో బాబూ" అంది.

"లక్షమంది చూశాక చెరపమంటావా? నన్ను చంపాలనుందా?" అని ఆయన బుగ్గ చేత్తో కప్పుకున్నారు. ఇక కనకరత్నానికి ఫోను చేయడం తప్ప దారి లేకపోయింది. ఆవిడది పెద్ద నోరు కాబట్టి ఫోనులో మాట వీధి చివర కాలువ దాకా వినిపించింది.

"ఇప్పుడు రాలేను సార్, పై అంతస్తు నిలబెడుతున్నా. బిడ్డకి పాలు పట్టి పడుకోబెట్టమని మరిడమ్మకి చెప్పండి" అంది కనకరత్నం, ఏ బిడ్డో, గేటు దగ్గర ఎవర్ని ఆపారో కూడా అడక్కుండా.

మరిడమ్మ పాలు కాచింది. చాప వేసింది. కాలువ గట్టున కూర్చున్న ప్రసూనకి నవ్వు పొట్ట చెక్కలయ్యేలా వచ్చింది. అమ్మ ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా ఆమని కూడా నవ్వింది. ఈసారి ఫోను ఎక్కడుందని చూడలేదు.

ఆ తర్వాత మండలి నుంచి రెండు తాఖీదులు వెళ్ళాయని విన్నాం. లేని బిడ్డని అనుమతి లేకుండా తీసుకుపోయినందుకు ప్రసూన సీటు రద్దయింది. కనకరత్నానికి ఆమె కూతురు ఒక్కరోజులో అసాధారణంగా ఎదిగినందుకు ప్రశంసాపత్రం అందింది.

ప్రసూనకి ఇప్పుడు మండలి లేదు, హాలు లేదు, గోడ లేదు. శ్రీహరి గదిలో గురక పెడుతుంటే, వంటింటి నేల మీద కాగితం పరిచి చివరి పేజీ వేసింది. ఆమని అమ్మ మోకాలి మీద ఎక్కి కూర్చుని చూసింది.

"మేక దిగిందా అమ్మా?"

"దిగింది తల్లీ. లెక్కలో లేదు కదా, కండక్టరు ముందే నడుచుకుంటూ దిగిపోయింది."

"ఉచ్చ పోసిందా?"

ప్రసూన కాగితం తిప్పి చూపించింది. బస్టాపు పక్కన మేక, కళ్ళు అరమూసి, హాయిగా. ఆమని చాలాసేపు చూసి తృప్తిగా తలాడించింది. తర్వాత కాటుక డబ్బాలో వేలు ముంచి, అమ్మ వద్దనేలోపే, బొమ్మలో బస్సు కిటికీలోంచి తొంగిచూస్తున్న కండక్టరు ఎడమ బుగ్గ మీద రూపాయి బిళ్ళంత చుక్క పెట్టింది.

ప్రసూన దాన్ని తుడవలేదు. బొమ్మలు అలాగే చుట్టి రాజమండ్రి పంపింది.